ధైర్యం క్లాసు

ట్రైనరు హాలు తలుపు తోసేసరికి లోపల ముప్ఫైమంది దాకా కూర్చుని ఉన్నారు. ఒక్కరూ లేవలేదు. కొందరు తల కూడా తిప్పలేదు.

తలుపు తనే మూసుకుని ముందుకెళ్ళి నిలబడ్డాడు.

బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సెక్షను. "అందరం కలిసి భయాన్ని జయిద్దాం" అన్నది పాఠం. ఫ్యాక్టరీవాళ్ళు నెల కిందటే పెట్టించుకున్న క్లాసు. గేటు దగ్గర వాచ్‌మన్ "ప్యాకింగువాళ్ళా? హాల్లోనే ఉన్నారు, వెళ్ళండి" అని చెయ్యి చూపించాడు. అంతకుమించి పలకరించిన నాథుడు లేడు.

ఇతనికిది నాలుగో క్లాసు. ముందు మూడూ నీరుగారిపోయాయి. ఇంతకుముందు నీళ్ళ ఫిల్టర్లు అమ్మాడు, అంతకుముందు ఇన్సూరెన్సు. ఏదీ అచ్చిరాలేదు. ధైర్యం అమ్మడం తేలికనుకున్నాడు. "ఇది కూడా చప్పగా పోతే ఇంక రావద్దు అంకుల్" అని ఆఫీసులో కూతురి వయసు మేనేజరమ్మ మొహం మీదే చెప్పేసింది. ఇంట్లో ఆవిడ ఇంకో అడుగు ముందుకేసింది.

"బల్లిని చూస్తే మంచమెక్కుతావు. నువ్వు ఊళ్ళోవాళ్ళకి ధైర్యం చెబుతావా?"

నిజమే. ఇప్పుడూ చేతులు వణుకుతున్నాయి.

హాలంతా వెనిలా వాసన. యంత్రాల రొద లేదు. గొంతు చించుకునే బాధ తప్పిందనుకున్నాడు. అందరి ఒళ్ళోనూ సంచులు. ఒకామె సంచిలోంచి చిన్న అద్దం, పాత చెప్పులు తొంగిచూస్తున్నాయి. ఇంటికి పోయే తొందర తప్ప వీళ్ళకేం పట్టదు, నా ఖర్మ, అనుకున్నాడు.

"ఒక్కొక్కరూ... మీ భయమేంటో చెప్పండి," అన్నాడు. గొంతు పీలగా వచ్చింది.

కొందరు ఒళ్ళో సంచుల ముడులు సర్దుకున్నారు.

ముందు వరసలో జుట్టు నెరిసినావిడ అతని చేతుల వంక చూసింది. అక్కడందరికీ పెద్దక్క కాబోలు. వెనక్కి తిరిగి, "ఏదో ఒకటి చెప్పండర్రా. పాపం, నిలబడ్డాడు," అంది.

"నాకు బొద్దింకంటే భయం సార్," అన్నాడు బస్తాలు మోసే మీసాలాయన.

"నీకు భయం మీ ఆవిడంటే బాబాయ్! మధ్యలో బొద్దింకేం చేసింది?" అన్నాడు వెనక వరసలో కుర్రాడు.

నవ్వారు. ట్రైనరుకి ప్రాణం లేచొచ్చింది. "మీకండీ?" అని పెద్దక్కనడిగాడు.

"నా ఒక్కదానిదే కాదు సార్, అందరిదీ ఒకటే. ఈ పని పోతే ఎలాగా అని. నాకు జ్వరమొచ్చినా వచ్చాను, పిల్లాడికి జ్వరమొచ్చినా వచ్చాను. మాకింకో పని చేతకాదు కదా."

సరిగ్గా అతను కాచుక్కూర్చున్న మాట. "చేతకాదని ఎవరన్నారు?"

"సూపర్‌వైజరు. రోజూ అనేవాడు."

"ఆయన సంగతి వదిలెయ్యండి. పక్కవాళ్ళకి ఏం చేతనవునో మీరు చెప్పండి."

పాఠంలో ఇదొక ఆట, అంతే. వాళ్ళు మాత్రం ఆటలా ఆడలేదు. కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. మీసాలాయన ఎలాంటి మోటారైనా విప్పి బిగిస్తాడట. పెద్దక్క కుట్టు చూస్తే దర్జీలే ముక్కున వేలేసుకుంటారట.

"మా ముందుగది ఖాళీయే అక్కా. మిషను అక్కడేసుకో."

"అద్దె ఎవడిస్తాడే?"

"ముందు నాలుగు గుడ్డలు కుట్టు, తర్వాత చూద్దాం. కాజాలు నేను కుడతా."

"బాబాయ్, మా సందు మొదట్లో షట్టరొకటి మూసే ఉంటుంది. నువ్వు తెరువు, నేనూ వస్తా. స్పానర్లందిస్తా."

"నువ్వందిస్తే నా వేళ్ళు మిగలవురా."

నవ్వేవాళ్ళు నవ్వుతున్నారు. ఒకరిద్దరు ముక్కు చీదుతున్నారు. ట్రైనరు నోరు తెరిచే అవసరమే రాలేదు. గోడకానుకుని చూస్తూ ఉండిపోయాడు. చివరికి అడిగాడు.

"ఇప్పుడు చెప్పండి. పని పోతుందన్న భయం ఇంకా ఉందా?"

ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"లేదు సార్. పోయింది," అంది పెద్దక్క.

"అందరికీనా?"

"అందరికీ ఒక్కసారే పోయింది."

మీసాలాయన పగలబడి నవ్వాడు. నవ్వీ నవ్వీ తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

బయట బస్సు హారను మోగింది. సంచులెత్తుకుని లేచారు. పోతూ పోతూ పెద్దక్క ఆగింది.

"నువ్వు కూడా భయపడకు నాయనా. బాగానే చెప్పావు."

ఇన్నేళ్ళకి ఒక్క పని తన చేతి మీదుగా సవ్యంగా జరిగింది. ఇక ఆ మేనేజరమ్మ ఏమంటుందో చూడాలి.

గేటు దగ్గర కాలరు సర్దుకుని, "వచ్చేవారం రెండో క్లాసు. ఇదే బ్యాచిని కూర్చోబెట్టమని మీ పైవాళ్ళకి చెప్పవయ్యా," అన్నాడు.

"ఇంకెక్కడి బ్యాచి సార్," అన్నాడు వాచ్‌మన్ గేటుకి తాళం వేస్తూ, "పొద్దున్నే వాళ్ళందర్నీ పనిలోంచి తీసేస్తే, బస్సొచ్చేదాకా ఫ్యాను కింద కూర్చుంటామన్నారని ఆ హాలు తలుపు నేనే తీశాను."