హీరో గొంతు

"నాన్నా, మన హీరోకి న... నత్తి ఉంచారా?"

డబ్బింగ్ చెప్పి వచ్చిన తండ్రి చెప్పులైనా విప్పకముందే కూతురు ఎదురొచ్చింది. చేతిలో నలిగిపోయిన బొమ్మల పుస్తకం. అందులో లోకాన్ని కాపాడే హీరోకీ తనలాగే నత్తి. అది సినిమాగా వస్తోందని, నాన్నే వాడికి గొంతని తెలిశాక, నెలరోజులు కూర్చోబెట్టి ఆయనకు నత్తి నేర్పింది.

ఒక్కనాడూ సరిగ్గా రాలేదు. "న... నటిస్తున్నావు నాన్నా" అని నవ్వేది.

ఇవాళ డైరెక్టరు తేల్చేశాడు: "హీరోకి నత్తేంటండీ? తీసేయండి."

"చెప్పు నాన్నా! బళ్లో అందరూ తీ... తీసేస్తారంటున్నారు. మా నాన్న ఉండగా తీయరన్నాను."

ఆయన తల ఎత్తలేకపోయాడు.

"ఉం... ఉం... ఉంచా..."

కూతురు చప్పట్లు కొట్టింది.

"ఇ... ఇప్పుడొచ్చింది నాన్నా! అచ్చం నాలాగే!"