అద్దం పక్కన లైటు

హలో, అందరూ లైన్లో ఉన్నారా? ఒక్క నిమిషం టీవీ గొంతు తగ్గించి వినండి.

సెలూన్ ఆయన షాపులో అద్దం పక్కన పలకంత లైటు ఒకటి బిగించాడు. స్విచ్చి వేస్తే లోపల మిట్టమధ్యాహ్నమే. బయట మాత్రం వారాల తరబడి మబ్బు.

చలికాలం దిగులుకి మందట, పొద్దున్నే అరగంట దీని ఎదురుగా కూర్చోమన్నాడట డాక్టరు. అడిగినవాళ్లందరికీ సెలూన్ ఆయన అదే చెప్పాడు.

షాపు ఓనరు పై అంతస్తులో ఉంటాడు. మబ్బు పడితే దుప్పటి ముసుగు తీయని మనిషి. అలాంటివాడు ఈ వార్త చెవిన పడగానే మఫ్లర్ చుట్టుకుని మెట్లు దిగొచ్చాడు.

"దిగులుకి బల్బేమిటోయ్? జలుబు చేస్తే ఫ్యాను పెడతావా? తీసెయ్."

"తీయను."

"అయితే షాపు ఖాళీ చెయ్."

"అదీ చెయ్యను."

ఓనరుకి ఒళ్లు మండింది. షాపులో ఉన్నది ఒక్కటే కుర్చీ. అందులో ఎక్కి కూర్చుని, లైటు తీసేదాకా దిగనన్నాడు. గడ్డాలు గీయించుకోడానికి వచ్చినవాళ్లు బెంచీ మీద పేపర్లు తిరగేశారు. సెలూన్ ఆయన తుడిచిన కత్తెరే తుడుస్తూ మాటకు మాట అప్పజెప్పాడు. చివరికి గోడ గడియారం వంక చూసి, "సరే, రేపు తీస్తాలెండి," అన్నాడు.

తీయలేదు. మర్నాడు పొద్దున్నే ఓనరు మళ్లీ దిగాడు, మళ్లీ కుర్చీ ఎక్కాడు. రోజూ ఇదే తంతు. నెలాఖరుకి ఖాళీ చేయాల్సిందేనని గడువు కూడా పెట్టాడు.

సెలూన్ ఆయన భార్యకి గుండెల్లో రాయి పడింది. ఈ వయసులో మనకి ఇంకో షాపు ఎవరిస్తారు, ఆ దిక్కుమాలిన లైటు పీకి పారెయ్యరాదా అని పోరింది.

"షాపు పోతే పోనీ. చలికాలం దాటేదాకా అది దిగదు," అన్నాడాయన.

గడువు రోజు రానే వచ్చింది. ఓనరు అలవాటుగా కుర్చీలో వాలాడు. కాసేపు లైటుని తిట్టాడు. తర్వాత అద్దంలో తన మొహం తను చూసుకున్నాడు.

"సరేలే, ఉండు. నీతో పోట్లాడకపోతే నాకూ పొద్దుపోవట్లేదు. ముందీ గడ్డం గీకు."

చలికాలం దాటి ఎండ కాసిన రోజున సెలూన్ ఆయన లైటు ఊడదీసి, తుడిచి, సంచీలో పెట్టుకున్నాడు. ఓనరు బజారుకెళ్లడం చూసి, పైకెక్కి ఆయన భార్యని పిలిచాడు.

"ఇదిగోండి అక్కయ్యగారూ మీరిచ్చిన లైటు. డాక్టరు చెప్పినా లైటు ముందు కూర్చోనని మొండికేసిన మీవారు, తీయించాలన్న పంతంతో మొదలుపెట్టి చలికాలమంతా రోజూ అరగంట దీని ముందే కూర్చున్నారు."

మీకు తెలిసిన ఏ ఇంట్లోనైనా ముసుగు తీయని పెద్దాయన ఉంటే, ఈ కథ ఆయనకు కాదు, వాళ్లావిడకు పంపండి.