ఇంటి సాలు

“ఈ పురుగుమందు ఆపొద్దని, తినేవాళ్లకు హాని లేదని మంత్రిగారికి రైతులం మేమే రాసినట్టుందే? సంతకం సంగతి తర్వాత. ముందు మిమ్మల్నెవరు పంపారు?” తన మిరపచేలోకి జయదేవ్ తెచ్చిన కాగితం చదివి ఇమ్మానియేలు నిలదీశాడు.

“రైతుల మేలు కోరేవాణ్ణండి,” అన్నాడు జయదేవ్.

“జీతమిచ్చేది మందు కంపెనీయే కదా?”

జయదేవ్ తటపటాయించి, “అవునండి,” అన్నాడు.

“మరి ఆ ముక్క ఇందులో లేదే. చాటున మీరుండి మాచేత అబద్ధాలాడిస్తారా?”

జయదేవ్ కాగితం మడిచాడు. పోతూ పోతూ పచ్చడికని నాలుగు పండుమిరపకాయలు కోయబోయాడు.

“అవి కొయ్యమాకు బాబూ,” అంది ఇమ్మానియేలు భార్య ప్రేమమ్మ. “గట్టు పక్క సాల్లో కోసుకో. అది మా ఇంట్లోకి, మందు కొట్టం. మిగతాదంతా అమ్మకానికి మిర్చి యార్డుకి పోయేదే.”

జయదేవ్ మెల్లగా కాగితం విప్పాడు. “ఈ ముక్క కూడా రాయమంటారా ఇందులో?”

ఇమ్మానియేలు చేనంతా ఒకసారి చూశాడు.

“సంతకం ఎక్కడ పెట్టాలి?”