పిన్నికి పాఠాలు

"ఇక్కడ మైనస్ ఎలా వచ్చిందే?" అంది పిన్ని, చొక్కాకి కాజా కుడుతున్న సూది ఆపి.

అమ్మాయికి ఒళ్లు మండింది. "అటుది ఇటు తెస్తే గుర్తు మారుతుంది పిన్నీ! నిన్నే కదా చెప్పాను!"

"చెప్పావులే. మరి కింద లైనులో మారలేదేం?"

అమ్మాయి చూసుకుంది. నిజమే, మారలేదు. గొణుక్కుంటూ కొట్టేసి మళ్లీ చేసింది.

స్కూల్లో ఇదే ఆఖరి సంవత్సరం. మార్కుల సగటు డెబ్బై ఒకటి దగ్గర చతికిలబడింది. ఎనభై దాటితేనే స్కాలర్‌షిప్, అది వస్తేనే పైచదువు. లేదంటే పిన్ని పక్కన ఇంకో కుట్టుమిషను. అసలే లెక్కలు కొరకరాని కొయ్య, పైగా ఈ శిష్యురాలొకతె!

నాన్నని పెళ్లాడి ఇంటికొచ్చిన కొత్తలోనే పిన్ని, "లెక్కలు ఎవరిచేతైనా చెప్పిద్దామా?" అని అడిగింది. "నా చదువు జోలికి రావద్దు," అని అమ్మాయి తలుపేసుకుంది. వారం తిరిగాక పిన్నే పుస్తకం పట్టుకొచ్చింది.

"అప్పట్లో ఈ పరీక్ష తప్పానే. మళ్లీ కడదామనుకుంటున్నా. నీకు పుణ్యముంటుంది, కాస్త లెక్కలు చెప్పవూ?"

చెప్పక తప్పలేదు. చెబితే బుర్రకెక్కితేనా! "ఇలా కాక ఇంకోలా చేస్తే రాదా?" అనేది. ఆ ఇంకోలా ఏమిటో తేల్చుకోవడానికి అమ్మాయి ముందురోజే పాఠం చదవాల్సి వచ్చేది. ఆ మొద్దు ప్రశ్నలే అప్పుడప్పుడు పరీక్షలో ఎదురయ్యేవి. ఇదేం విడ్డూరమో ఆమెకి అంతుబట్టేది కాదు.

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నాన్నా!"

"ఊదమ్మా, ఊదు. ఊపిరికి మంచిది," అని ఆయన మీసాల్లో నవ్వుకునేవాడు.

ఫలితాలొచ్చాయి. సగటు ఎనభై మూడు! అమ్మాయి ఎగిరి గంతేసింది.

"మరి నీదేమయింది పిన్నీ?"

"ఈసారి పరీక్ష కట్టలేదులే. వచ్చే ఏడు చూద్దాం."

ఏడాదంతా ప్రాణం తోడేసి, తీరా పరీక్షే కట్టలేదా? అమ్మాయికి అంతా అయోమయంగా ఉంది. కోపం రావాల్సిన చోట జాలేసింది.

స్కాలర్‌షిప్ ఆఫీసులో గుమాస్తా దరఖాస్తు తిరగేశాడు. "ఇంట్లో పెద్దవాళ్ల చదువు?"

"నాన్న ఏడో తరగతి. పిన్ని... ఆఖరి పరీక్ష తప్పిందండి," అంది గొంతు తగ్గించి.

"కాగితాలున్నాయా?"

నాన్న అంటించి ఇచ్చిన కవరు అలాగే అందించింది. గుమాస్తా విప్పి చూసి, ఒకసారి ఆమె మొహంలోకి చూసి, పాతబడిన మార్కుల జాబితాని ఆమె వైపు తిప్పాడు.

పిన్నికి లెక్కల్లో నూటికి నూరు.