కిటికీ పక్క మంచం

"తాతా, ఒక్క దినం రోగి మాదిరి నాటకం ఆడల్ల" అని నర్సు మునిలక్ష్మి మా అరుగు దగ్గరికొచ్చి అడిగింది.

అత్తిబెలె పక్కన మా ఊళ్ళో వృద్ధాశ్రమం మూతపడితే, సర్కారు దానికి సున్నం కొట్టి ఆరోగ్య కేంద్రం చేసింది. ఒక్కడూ గేటు తొక్కడు. లోపలికి నడిచిపోయినవాడు నలుగురి భుజాల మీదే బయటికొస్తాడని భయం.

"జనం రాకుంటే నెలాఖరుకు బీగం వేస్తారంట. నువ్వు పోయి బతికొస్తే అందరూ వస్తారు."

"నాకేం రోగం? గుండ్రాయి మాదిరి ఉండా. సరే, నీ కోసం పడుకుంటా పో" అన్నాను.

మరునాడు మీసం దువ్వి, కిటికీ పక్క మంచం మీద పడుకున్నాను. ఆ పిల్ల నా చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టింది. రక్తం తీసింది. గుండెకు వైర్లు తగిలించింది. నాటకానికి ఇంత వేషమా అనుకున్నాను.

కిటికీ బయట ఊరంతా చేరింది. "చిక్కమునియప్పా, ఉండావా, పోయినావా?" అని ఒకడు అరిచాడు.

"నిన్ను సాగనంపినాకే పోతా లేరా!"

సాయంత్రం నా కాళ్ళ మీదే బయటికొచ్చాను. తెల్లారేసరికి గేటు దగ్గర పదిమంది వరసలో నిలబడ్డారు.

"చూసినావా నా దెబ్బ? ఇంక నాటకం చాలు" అన్నాను.

మునిలక్ష్మి నా చేతిలో మాత్రల పొట్లం పెట్టింది. "వీళ్ళను ఇల్లిల్లూ తిరిగైనా తెచ్చుకుందును తాతా. నువ్వు బస్టాపు దాకా పోయేలోపల మూడు తావుల రొమ్ము పట్టుకొని నిలబడతాండావు. ఊరికే గుండె చూపించుకో రమ్మంటే తంతావని, నాటకమని చెప్తి."

ఆ పిల్లను నోటికొచ్చినట్టు తిట్టి, మంచినీళ్ళు అడిగాను.