నూకరత్నానికి లేవని రెయిలింగ్

కొండవాలు ఇళ్లలో బయటి మెట్లకి రెయిలింగ్ ఉండి తీరాలని రూలు. ఇంటి మనిషి అడుగు పెడితే అదే లేచి చేతికందుతుంది, పరాయివాళ్లకి లేవదు. ఎవరు ఇంటి మనుషులో దానికి చెప్పేది యజమాని.

ఆ ఉదయం తడిబట్టల బకెట్‌తో దిగుతున్న నూకరత్నానికి అది లేవలేదు. కాలు జారి, గోడ పట్టుకుని నిలదొక్కుకుంది.

"ఏటయ్యా, ఇది లేవడం లేదు!"

"పాడైనట్టుందిలే," అన్నాడు ఆ ఇంటి యజమాని, ఆమె మొగుడు పైడిరాజు, లోపల్నించే.

ఇంతలో చెల్లెలు వరహాలు చేపల పులుసు గిన్నెతో కింది మెట్టెక్కింది. "జాగర్తే!" అని అక్క అరిచేలోపే రెయిలింగ్ లేచింది. వరహాలు దానివైపు చూడనైనా చూడకుండా, రోజూ ఎక్కే మనిషిలా పట్టుకుని వచ్చేస్తోంది.

నూకరత్నం పక్కకి తప్పుకుంది.

"రావే, నీ ఇల్లేగా."