కోటు తొడిగే తీరు

ఉల్లాపూల్ అనే రేవు ఊళ్లో, చర్చి మెట్ల మీద పెళ్లికొడుకు టార్క్విల్ ఫొటోలకు నిలబడ్డాడు.

మోకాళ్ల దాకా ఉండే గళ్ల కిల్టు, దాని మీద నల్ల మఖ్మల్ కోటు. రెండు వరుసల వెండి గుండీలు. మెడ చుట్టూ నిలబడే కాలరు. పాతబట్టల దుకాణంలో దొరికినదే అయినా కొత్తదానిలా ఉంది.

కాలరు కొక్కెం విప్పేసి, లోపల బో టై కట్టాడతను. బెల్టు కోటు కిందికి పోయింది.

వాన తుంపరలో, ప్రహరీ పక్కన నిలబడ్డ ఒక ముసలాయన కర్ర ఊతంతో దగ్గరికొచ్చాడు. పెళ్లికి పిలిచినవాడు కాదు.

"బాబూ, ఈ కోటుకి టై కట్టరు. బెల్టు పైనుంచి పెట్టాలి. మెడ దగ్గర లేసు కుచ్చు పెట్టుకో, లేదంటే ఉత్తగా మూసెయ్. ఎలాగైనా బాగుంటుంది. తెరిచి మాత్రం వేసుకోరు."

స్నేహితులు నవ్వారు. పెళ్లికి దర్జీని కూడా పిలిచావేంట్రా అన్నాడొకడు.

టార్క్విల్ మొహం ఎర్రబడింది.

ముసలాయన చెయ్యి చాచాడు. "ఒక్క నిమిషం. నేను సరిచేస్తాను. చూసుకుని వెళ్లిపోతాను."

టార్క్విల్ ఆ చేతిని పక్కకు నెట్టాడు. "నా కోటు, నా ఇష్టం. చెప్పడానికి నువ్వెవరు పెద్దాయనా? వెళ్లు."

ముసలాయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పెళ్లికూతురు కత్రియోనాను చల్లగా ఉండమని దీవించి, రేవు వైపు మెల్లగా నడిచి వెళ్లిపోయాడు.

నెల తర్వాత ఫొటోలు వచ్చాయి.

ఏది చూసినా కోటు ఛాతీ దగ్గర విచ్చుకుని, ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టు ఉంది. కత్రియోనా అన్నీ తిరగేసింది. గోడకు తగిలించడానికి మాత్రం ఒక్కటీ తీయలేదు.

కొలతల్లోనే ఏదో లోపం ఉందనుకుని, టార్క్విల్ కోటును కుట్టుపని చేసే ఇష్‌బెల్ దగ్గరికి తీసుకెళ్లాడు.

ఆవిడ లోపలి కుట్టును ఒకసారి తడిమింది, కత్తెర ముట్టుకోలేదు. కోటు తొడిగించి, కాలరు మూసి, బెల్టు పైనుంచి బిగించి, అతన్ని అద్దం వైపు తిప్పింది.

కోటు అతనికోసమే కుట్టినట్టుంది.

చర్చి దగ్గర ఒక ముసలాయన అచ్చం ఇలాగే చెప్పాడని, తను వినలేదని అన్నాడు టార్క్విల్.

ఇష్‌బెల్ చేతులు ఆగిపోయాయి. ఆయన ఎలా ఉంటాడని అడిగింది. అతను చెప్పాడు.

"మర్డో," అంది. "పోయిన మంగళవారమే మట్టి చేశాం."

"ఆయనా దర్జీయేనా?"

"కాదు, చేపల పడవ నడిపేవాడు. ఈ కోటు కుట్టింది నేనే, వాళ్లబ్బాయి పెళ్లికి. వారం రోజుల్లో పెళ్లనగా వాడెక్కిన పడవ మునిగింది. పిల్లాడు దొరకనే లేదు. పన్నెండేళ్లు దాచి, ఎవరో ఒకరు దీన్ని వేసుకుని పెళ్లి చేసుకుంటారని మొన్న వసంతంలో దుకాణానికి ఇచ్చేశాడు."

టార్క్విల్ వెండి గుండీ ఒకటి తడిమాడు.

"మరి దీన్ని ఎలా వేసుకోవాలో ఆయనకెలా తెలుసు?"

"పెళ్లిరోజు పొద్దున కొడుక్కి తన చేత్తోనే తొడగాలని, పెళ్లికి ముందు చలికాలమంతా వారం వారం ఇక్కడికొచ్చి నా దగ్గర నేర్చుకున్నాడు నాయనా."